ఇంటి సర్వరులో ఒక చిన్న వాటా

పట్టణములలో ఇండ్లను వాటాలుగా కట్టుట మనకు కొత్త కాదు. పైకప్పు ఒకటే, పునాది ఒకటే, నుయ్యి ఒకటే. కాని ఒక్కొక్క వాటాకు వేరు ద్వారము, వేరు వంటగది, వేరు తాళము ఉండును. ముందు వాటాలో అర్ధరాత్రి చుట్టములు దిగినను వెనుక వాటాలో పిల్లల చదువు సాగుచునే ఉండును. ఒకరు ఖాళీచేసి పోయినచో సున్నము వేయించి మరొకరికి ఇత్తురే గాని ఇల్లు పడగొట్టరు. కంప్యూటరును కూడ ఇట్లే వాటాలు చేయవచ్చును. అట్టి వాటానే వర్చువల్ మెషీను అందురు. యంత్రమునకు ఉండవలసిన ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు కార్డు మొదలగునవన్నియు దానికి ఉన్నట్లే కనబడును. చేతితో తాకి చూపగల రేకుపెట్టె మాత్రము ఉండదు.

నేడు పెక్కు ఇండ్లలో ఒక కంప్యూటరు రేయింబవళ్లు మేలుకొని ఉండుచున్నది. అది పాత ల్యాప్‌టాపు కావచ్చును, అరచేయి వెడల్పు గల చిన్న పెట్టె కావచ్చును. పిల్లల ఫొటోలు, పెద్దల పాటల రికార్డులు, దస్తావేజుల నకళ్లు దానిలో దాచుదురు. ఇట్టి యంత్రమునే ఇంటి సర్వరు అనుచున్నాము. ఉన్న యంత్రము ఒక్కటియే గనుక కొత్త ప్రోగ్రాములన్నిటిని దానిమీదనే ప్రయత్నింతురు. చిక్కు అచటనే వచ్చును. ఒక ప్రోగ్రామునకు కావలసిన లైబ్రరీ మరొకదానికి సరిపడదు. ఒకటి తీసివేయబోగా రెండవది మూలబడును. చివరకు ఒక సాయంకాలపు సరదా ప్రయోగము వలన, అమ్మమ్మ గొంతు రికార్డు చేసి ఉంచిన ఫైలు చేతికందకుండ పోవును. పోయిన ప్రోగ్రామును అరగంటలో తిరిగి తెచ్చుకొనవచ్చును. ఆ గొంతును తెచ్చుకొనలేము. కనుక దాచుకొను వస్తువులు ఒక వాటాలోను, ప్రయోగములు మరొక వాటాలోను ఉండుట మేలు. ఆ రెండవ వాటాను మిక్కిలి తక్కువ ఖర్చుతో, తక్కువ బరువుతో ఎట్లు ఏర్పరచుకొనవలెనో ఇచట చెప్పెదను.

ఈ ఊహ నిన్న మొన్నటిది కాదు. ఒక్కొక్క కంప్యూటరు ఒక గదినంతయు ఆక్రమించు కాలమున, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి పట్టణమున ఐ.బి.ఎం. వారి శాస్త్రకేంద్రము ఒకటి ఉండెను. అచట రాబర్ట్ క్రీసీ మున్నగువారు సీ.పీ.-40 అను వ్యవస్థను నిర్మించి 1967లో వాడుకలోనికి తెచ్చిరి. ఒకే యంత్రము 14 యంత్రములుగా కనబడుచు ఒక్కొక్కదానికి 256 కిలోబైట్ల మెమరీ ఇచ్చెడిది. ఇప్పుడు మనము అతి చిన్నదని చెప్పుకొనబోవు వర్చువల్ మెషీనుకు 512 మెగాబైట్లు ఇచ్చుచున్నాము. అనగా ఆనాటి వాటాకు 2048 రెట్లు! 1972లో అదే సంస్థ ఈ పద్ధతిని వీ.ఎం./370 అను పేర ఖాతాదారుల ముందు ఉంచెను.

పెద్ద యంత్రములలో అంత సుకరమైన పని ఇంటి కంప్యూటర్లలోనికి వచ్చుటకు ఏల ఆలస్యమయ్యెనో తెలిసికొనవలెను. అద్దెకున్నవారు తమ గదిలోని దీపమును వేసికొనవచ్చును, ఆర్పుకొనవచ్చును. మెయిను స్విచ్చిపై చేయి వేసినచో మాత్రము ఇంటి యజమానికి వెంటనే తెలియవలెను. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రాసెసరు విషయమున ఇట్టి నియమమునే సూత్రీకరించిరి. యంత్రము మొత్తము స్థితిని మార్చు ఆజ్ఞ ఏదైనను వాటాలోనుండి వచ్చినచో, అది అచటనే ఆగి యజమాని ప్రోగ్రామునకు అప్పగింపబడవలెను. ఇంటెల్ వారి ప్రాసెసరు కుటుంబములో కొన్ని ఆజ్ఞలు అట్లు ఆగెడివి కావు. చడీచప్పుడు లేకుండ వేరొక విధముగ నడచిపోయెడివి. 1999లో వీఎంవేర్ అను సంస్థ, అట్టి ఆజ్ఞలను నడుచుచుండగనే తిరగవ్రాయు ఉపాయముతో ఈ చిక్కును దాటెను. 2005లో ఇంటెల్ వారు, 2006లో ఏ.ఎం.డి. వారు ఆ సదుపాయమును ప్రాసెసరులోనే చేర్చిరి. 2007 ఫిబ్రవరిలో వెలువడిన లినక్స్ 2.6.20 కెర్నెలులో కే.వీ.ఎం. అను భాగము చేరినది. నాటినుండి ఆ సదుపాయము గల ప్రాసెసరుతో లినక్స్ నడచు సాధారణ కంప్యూటరు కూడ ఇంటి యజమాని కాగలిగినది. కే.వీ.ఎం. ప్రాసెసరును పంచును, డిస్కు, నెట్‌వర్కు కార్డు మున్నగు అవయవముల రూపమును క్యూఈఎంయూ అను మరొక ప్రోగ్రాము కల్పించును. దీనిని 2003లో ఫ్రాన్సు దేశీయుడు ఫాబ్రిస్ బెలార్ తొలుత ప్రకటించెను.

శ్రోతలలో కొందరికి కంటెయినర్లు అను మాట కూడ పరిచయమై ఉండును. అవి ఒకే వంటగదిని పంచుకొను వాటాల వంటివి. వంటగది అనగా ఇచట కెర్నెలు. కంటెయినర్లు వర్చువల్ మెషీను కంటె తేలికయే; కాని కెర్నెలులో దోషమున్నచో అందరికిని అదే దోషము తగులును. వర్చువల్ మెషీనుకు కెర్నెలు తనది తనకే ఉండును. ప్రయోగములు చేయు వాటాకు నేను దీనినే ఎంచుకొందును.

ఇక పనిలోనికి దిగుదము. కావలసిన యంత్రము గొప్పది కానక్కరలేదు. గత పది పన్నెండేండ్లలో కొన్న దాదాపు ఏ కంప్యూటరైనను చాలును; ఎనిమిది గిగాబైట్ల మెమరీ ఉన్న సుఖముగ ఉండును. కరెంటు లెక్క ముందే చూచుకొనుట మంచిది. పది వాట్లు తీసికొను చిన్న పెట్టె నెలంతయు నడచినను ఏడు యూనిట్ల పైచిలుకు మాత్రమే అగును. ఏబది వాట్లు త్రాగు పాత డెస్క్‌టాపు అయినచో ముప్పదియారు యూనిట్లు. ఈ తేడా ఏడాదికి చిన్నది కాదు. ల్యాప్‌టాపునకు బ్యాటరీ ఉండుట ఒక వరము. కరెంటు పోయినను కొంతసేపు నిలుచును. అయితే ఎల్లప్పుడు చార్జిలో ఉన్న పాత బ్యాటరీ ఉబ్బు ప్రమాదము కలదు. నెలకొకసారి అడుగుభాగము తడిమి చూడవలెను. ఉబ్బు కనబడినచో ఆ బ్యాటరీని ఇక ఒక్క దినమైనను ఉంచరాదు.

మరొక మాట. సర్వరును రౌటరునకు కేబులుతోనే కలుపవలెను. వాటాలకు వేరు వేరు చిరునామాలు కావలెనన్నచో యజమాని యంత్రములో బ్రిడ్జి అను వంతెన కట్టవలసి ఉండును. సాధారణముగ వైఫై సంధానముపై ఆ వంతెన నిలువదు. ఇది తెలియక గంటల తరబడి తంటాలు పడువారు పెక్కురు ఉన్నారు. పది మీటర్ల కేబులు కొనుట ఆ తంటా కంటె చవుక.

యజమాని వ్యవస్థగా ప్రాక్స్‌మాక్స్ వీ.ఈ. అనుదానిని సూచించెదను. ఇది ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ఒక సంస్థ డెబియన్ లినక్స్ పునాదిపై కట్టి, 2008లో తొలుత విడుదల చేసినది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు గనుక రుసుము లేదు. ప్రవేశించినపుడెల్ల చందా లేదని ఒక హెచ్చరిక చూపును; అది దోషము కాదు. అయితే చందాదారుల భాండారమును తీసివేసి చందా లేనివారి భాండారమును ఎంచుకొనవలెను. లేనిచో నవీకరణలు అందవు. దీనిని స్థాపించునపుడు ఎంచుకొన్న డిస్కులోనిదంతయు తుడిచివేయబడును. అందులో ఏమున్నదో ఇంటిలోని వారందరిని అడిగి, కావలసినది వేరొకచోట దాచి, అప్పుడు మాత్రమే మొదలిడవలెను. స్థాపనకు ముందు యంత్రపు బయోస్ పుటలలోనికి పోయి వర్చువలైజేషన్ అను స్విచ్చిని తెరువవలెను. ఇంటెల్ యంత్రములలో వీ.టీ.-ఎక్స్ అనియు, ఏ.ఎం.డి. యంత్రములలో ఎస్.వీ.ఎం. అనియు అది కనబడును. అచటనే, పోయిన కరెంటు తిరిగి వచ్చినంతనే యంత్రము తనంత తాను లేచునట్లు చేయు స్విచ్చి కూడ చాల యంత్రములలో ఉండును. మన ఊళ్లలో అది తప్పక తెరచి ఉంచదగినది.

వాటాలో కాపురముండుటకు ఆల్పైన్ లినక్స్ తగినది. 2005 ప్రాంతమున నటానెల్ కోపా ప్రారంభించిన ఈ వ్యవస్థ మొదట రౌటరు వంటి చిన్న పరికరములకై ఉద్దేశింపబడినది గనుక పొదుపు దాని స్వభావములోనే ఉన్నది. సాధారణ లినక్స్‌లోని చిన్న చిన్న పనిముట్లన్నిటికి బదులు బిజీబాక్స్ అను ఒకే ప్రోగ్రాము పెక్కు వేషములు వేయును. సీ భాషా లైబ్రరీగా మజిల్ అనునది 2014 నుండి వాడుకలో ఉన్నది. వర్చువల్ మెషీన్ల కొరకు ప్రత్యేకముగ తయారుచేసిన స్థాపన ఫైలు వంద మెగాబైట్లకు తక్కువే. స్థాపించి ఊరక ఉంచినపుడు దాని మెమరీ వాడుక కూడ వంద మెగాబైట్లకు లోపలనే ఉండును. అయితే ఈ పొదుపునకు వెల ఉన్నది. మిగిలిన లినక్స్‌లలో నడచు గ్లిబ్‌సీ లైబ్రరీ కొరకు తయారైన ప్రోగ్రాములు ఇచట నేరుగ నడువవు. మీకు కావలసినది ఆల్పైన్ భాండారములో లేనిచో పంతమునకు పోక, కొంచెము బరువైనను డెబియన్‌నే దింపుకొనుడు.

ప్రాక్స్‌మాక్స్ పుటను మరొక కంప్యూటరులోని బ్రౌజరునుండి తెరువవలెను. చిరునామా చివర 8006 అను పోర్టు సంఖ్య ఉండును. ఆల్పైన్ ఫైలును అందులోనికి ఎక్కించి, వర్చువల్ మెషీను సృష్టించు మీట నొక్కినచో వరుసగ ప్రశ్నలు వచ్చును. ప్రాసెసరు కోరు ఒకటి, మెమరీ 512 మెగాబైట్లు, డిస్కు 4 గిగాబైట్లు అని చెప్పుడు. డిస్కునకు, నెట్‌వర్కునకు వర్ట్‌ఐవో అను రకమునే ఎంచుకొనవలెను. ఏలయన, మిగిలిన రకములలో వాటాలోని లినక్స్ తాను నిజమైన కార్డుతో మాటలాడుచున్నానని భ్రమపడును. ఆ భ్రమను నిలుపుటకు యజమాని ప్రతి చిన్న కదలికను నటింపవలసి వచ్చును. వర్ట్‌ఐవోలో తాను అద్దెకున్న సంగతి వాటాకు తెలియును. ఇయ్యవలసినది కిటికీలోనుండి నేరుగ అందించివేయును. పని వేగముగ సాగును.

ఈ 4 గిగాబైట్లు ఇప్పుడే డిస్కులోనుండి కోసి ఇచ్చినవి కావు. వాడినంత మేరకే నిజమైన చోటు పట్టును. ఇది సౌకర్యమే, కాని ఇందులో ఒక ఉచ్చు ఉన్నది. పది వాటాలకు తలా ఇంత అని కాగితముమీద వ్రాసి ఇచ్చి, మొత్తము ఉన్నదానికి మించినచో, అందరును ఒకేసారి అడిగినపుడు నుయ్యి ఎండిపోవును. అప్పుడు చెడునది ఎక్కువ తోడుకొన్న వాటా ఒక్కటియే కాదు. వ్రాయబోయిన ప్రతి వాటాలోను డిస్కు దోషము తలెత్తును. గోడలు ఎంత దిట్టమైనను నుయ్యి ఉమ్మడిదే గదా! కావున డిస్కు ఖాళీని వారమునకొకసారి చూచు అలవాటు చేసికొనవలెను. సృష్టించునపుడు డిస్కార్డ్ అను గడిలో గుర్తు పెట్టినచో, తుడిచివేసిన ఫైళ్ల చోటు తిరిగి ఉమ్మడి ఖాతాకు చేరు వీలు కలుగును.

మెషీనును ప్రారంభించి కన్సోలు తెరచినచో ప్రవేశ ప్రశ్న కనబడును. రూట్ అను పేరుతో, సంకేతపదము లేకయే లోనికి పోవచ్చును. పిమ్మట సెటప్-ఆల్పైన్ అని ఆజ్ఞ ఇయ్యవలెను. ఈ వ్యాసములో ఆజ్ఞలను ఉచ్చారణను బట్టి వ్రాయుచున్నాను; యంత్రమునకు ఆంగ్లాక్షరములలో, అన్నియు చిన్న అక్షరములుగనే ఇయ్యవలెను. అది అడుగు ప్రశ్నలలో చాలవరకు చూపిన జవాబునే అంగీకరింపవచ్చును. నిలిచి ఆలోచింపవలసినవి కొన్ని ఉన్నవి. నెట్‌వర్కు చిరునామా అడిగినపుడు, రౌటరు ఇచ్చు చిరునామాను గాక, స్థిరమైనదానిని మనమే ఇయ్యవలెను. రౌటరు తాను పంచుకొను శ్రేణిలో లేని సంఖ్య ఏదైనను తగును, మాటవరుసకు 192.168.1.53 అనుకొందము. రూట్ సంకేతపదము గట్టిదిగ ఉండవలెను. కాలమండలమునకు ఏషియా/కోల్‌కతా. దూరమునుండి ప్రవేశించుటకు ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. చివరకు ఏ డిస్కు అని అడిగి, ఎట్లు వాడవలెననును. ఇచట సిస్ అని చెప్పిననే అది డిస్కులో స్థిరపడును. లేనిచో మెమరీలోనే ఉండి, ఆపినంతనే చేసిన స్థాపన మాయమగును. తుడిచివేయవలెనా అని అడిగినపుడు భయపడనక్కరలేదు. అది చూచుచున్నది తన వాటాలోని 4 గిగాబైట్లనే. పక్క వాటా దానికి కనబడదు. అంతయు పది నిమిషముల పని. పిమ్మట స్థాపన ఫైలును తొలగించి, మరల ప్రారంభింపవలెను.

ఖాళీ వాటా ఉండి ప్రయోజనము లేదు గనుక ఒక ఉద్యోగము అప్పగింతము. ఇంటిలోని ఫోనులు, కంప్యూటర్లు ఏదైన పేరును వెదకినపుడు ఆ పేరునకు సంఖ్యారూపమైన చిరునామా చెప్పు సేవ ఒకటి కావలసి ఉండును. సైమన్ కెల్లీ వ్రాసిన డీఎన్‌ఎస్‌మాస్క్ అను చిన్న ప్రోగ్రాము ఆ పని చేయును. ఏపీకే యాడ్ డీఎన్‌ఎస్‌మాస్క్ అనినచో అది దిగును. ఆర్‌సీ-అప్‌డేట్ యాడ్ డీఎన్‌ఎస్‌మాస్క్ అనినచో ప్రతి ప్రారంభమున తానే లేచును. హోస్ట్స్ ఫైలులో ఫొటోలున్న యంత్రము పేరు ఒక పంక్తిలో వ్రాసినచో, ఇంటివారందరు అంకెలు గుర్తుంచుకొనకుండ ఆ పేరుతోనే దానిని చేరవచ్చును. పేరు చివర హోమ్.ఆర్పా అని ఉండుట మంచిది. ఇండ్లలోని వాడుకకై 2018లో దానిని ప్రత్యేకముగ కేటాయించిరి. ఒకసారి అడిగిన జవాబును డీఎన్‌ఎస్‌మాస్క్ కొంతసేపు గుర్తుంచుకొనును. మామూలుగ 150 పేర్లు; ఒక కుటుంబమునకు అది చాలదు, వేయికి పెంచినను మెమరీకి భారము కాదు.

రౌటరులో ఈ కొత్త చిరునామాను వ్రాయునపుడు జాగ్రత్త వహింపవలెను. ఇంటి పరికరములకు చిరునామాలు పంచు భాగములోనే, అనగా డీ.హెచ్.సీ.పీ. పుటలోనే వ్రాయవలెను. బయటి సంధానపు పుటలో వ్రాసి, వాటా కూడ రౌటరునే అడుగునట్లు ఉంచినచో, నీవు చెప్పుమని అది, నీవే చెప్పుమని ఇది, ఒకదానినొకటి అడుగుకొనుచు కూర్చుండును. వాటా తనకు తెలియని పేర్లకై 9.9.9.9 వంటి బయటి సేవను అడుగునట్లు ఏర్పరచుట శ్రేయము.

ఇక్కడనుండి ఆ చిన్న వాటాపై ఇంటిల్లిపాది ఆధారపడుదురు. అది నిలిచిపోయినచో సంధానము చక్కగ ఉన్నను ఏ పుటయు తెరుచుకొనదు. పరీక్షకు దరఖాస్తు పంపవలసిన పిల్లవానికి, విదేశములోని కుమార్తెతో మాటలాడవలసిన తల్లికి కారణము తెలియదు. నెట్ పోయినదనియే తెలియును. మీరు ఊరిలో లేనపుడు జరిగినచో మరింత ఇబ్బంది. కాబట్టి మెషీను ఐచ్ఛికములలో సర్వరుతోపాటు లేచుననుచోట గుర్తు పెట్టి, ప్రారంభ వరుసలో దీనికి ఒకటవ స్థానము ఇయ్యుడు. రెండవ చిరునామాగా బయటి సేవను కూడ రౌటరులో చేర్చవచ్చును గాని, పరికరములు ఒకప్పుడు దీనిని, ఒకప్పుడు దానిని అడుగును గనుక ఇంటి పేర్లు అప్పుడప్పుడు దొరకకుండును. నా అభిప్రాయములో అంతకంటె మంచి ఉపాయము, రౌటరులో ఏ పుటలో ఏ అంకె మార్చినచో పాత పద్ధతి తిరిగి వచ్చునో ఒక చీటిమీద తెలుగులో వ్రాసి రౌటరు పక్కన గోడకు అంటించుట. ఇంటిలోని మరొకరిచేత ఒకసారి ఆ పని చేయించి చూడవలెను.

ప్రాక్స్‌మాక్స్‌లో స్నాప్‌షాట్ అను సదుపాయము కలదు. ఆ క్షణమున వాటా ఎట్లున్నదో అట్లే గుర్తుంచుకొని, తరువాత చెడినచో ఆ స్థితికి మరలించును. దీనిని చూచి పలువురు తమ వస్తువులు భద్రమనుకొందురు. అది పొరపాటు. స్నాప్‌షాట్ ఆ డిస్కులోనే ఉండును. డిస్కు పోయిన నాడు వాటాయు పోవును, దాని ఛాయాచిత్రమును పోవును. బ్యాకప్ వేరు, అది మొత్తము వాటాను ఒక ఫైలుగా మూటకట్టును. దానిని సైతము మొదట ఆ యంత్రపు డిస్కుమీదనే పెట్టుట కద్దు గనుక, వేరొక యు.ఎస్.బి. డిస్కునో, వేరొక యంత్రమునో గమ్యముగా చూపవలెను. మన చిన్న వాటా మూట కొద్ది వందల మెగాబైట్లకు మించదు. వారమునకొకటి చొప్పున నాలుగు ఉంచుకొన్నను భారము లేదు. ఫొటోలు, రికార్డులు ఉన్న వాటాకైతే ఇది ఐచ్ఛికము కాదు, విధి.

మూట విప్పి చూడనిదే అది మంచి మూట యని చెప్పలేము. బ్యాకప్‌ను కొత్త సంఖ్యతో మరొక మెషీనుగా తెరువుడు. ప్రారంభించుటకు ముందు దాని నెట్‌వర్కు కార్డును వేరుచేసి ఉంచవలెను; లేనిచో ఒకే చిరునామాతో ఇరువురు లేచి ఇంటిలోని పరికరములన్నిటిని తికమక పెట్టుదురు. కన్సోలులో ప్రవేశించి, హోస్ట్స్ ఫైలు మీరు వ్రాసినట్లున్నదా యని చూచి, ఆ నకలును తుడిచివేయుడు.

ఆల్పైన్ నవీకరణకు ఏపీకే అప్‌డేట్, ఏపీకే అప్‌గ్రేడ్ అను రెండు ఆజ్ఞలు చాలును. సుమారు ఆరు నెలలకొక కొత్త శాఖ వెలువడును. ఒక్కొక్క శాఖకు ఇంచుమించు రెండేండ్లు భద్రతా సవరణలు అందును. శాఖ మారునపుడు రెపాజిటరీస్ అను ఫైలులోని సంఖ్యను మార్చవలెను. స్నాప్‌షాట్ నిజముగ అక్కరకు వచ్చునది ఇచటనే: మార్పునకు ముందు ఒకటి తీసికొని, తరువాత రెండు మూడు దినములు ఇంటిలో ఎవరును ఫిర్యాదు చేయనిచో దానిని తొలగింపవలెను. తొలగింపక మరచినచో, పాత స్థితిని పట్టియుంచుటకు అది నెలలకొలది డిస్కును మెల్లమెల్లగ తినుచుండును.